మహిళా సర్పంచుల మీద పీహెచ్‌డీ: "అంతా మొగుళ్లే కదా నడిపేది" అంటున్నరు, ఏం చదవాలె?

పాలమూరుపిల్ల:

నమస్తే అందరికి. పొలిటికల్ సైన్స్ పీజీ అయిపోయింది, ఇప్పుడు పీహెచ్‌డీకి సినాప్సిస్ రాసుకుంటున్న. మా జిల్లాల మహిళా సర్పంచుల మీద చెయ్యాలని ఎప్పటినుంచో మనసుల ఉంది. కానీ ఎవరికి చెప్పినా ఒక్కటే మాట, అండ్ల రీసెర్చ్ చేసేదేముంది, సంతకం ఆమెది పెత్తనం ఆయనది, అందరికి తెల్సిందే కదా అని. ఇంట్ల మా బాపు కూడ గదే అంటడు. తెల్సిన సార్ ఒకాయన అయితే టాపిక్ పాతదైపోయిందమ్మా, ఏదన్న కొత్తది సూడు అన్నడు.

పాతదైపోయింది అంటే ఎవరో చేసి తేల్చిన్రు అనే కదా అర్థం, మరి ఏం తేల్చిన్రు సార్ అంటే చెప్పరు. నెట్ల కొడితే కుప్పలు కుప్పలుగ పేపర్లు వస్తున్నయ్, ఎకనామిక్స్ వాళ్లు రాసినవైతే మొత్తం టేబుల్సే, ఏది ముందు చదవాలె ఏది వదిలెయ్యాలె తెలుస్తలేదు. బెంగాల్, రాజస్థాన్ మీద ఎక్కువున్నయ్, మన తెలుగు ఊర్ల మీద గట్టి పని ఏమన్న అయిందా? ఇంకోటి, నేను ట్రయల్‌కి రెండు మూడు ఊర్లకు పోయిన, సర్పంచ్ మేడంని అడిగితే జవాబు వాళ్ల ఆయన చెప్తడు, ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోతది. గిట్లుంటే నేను రాసేది ఏంది? ఈ లైన్ల పనిచేసినోళ్లు ఎవరన్న ఉంటే కొంచెం చెప్పుండ్రి.

గోదారిగట్టు:

చెల్లీ, ముందు ఆ "తెలిసిందే కదా" అనే మాట పక్కన పెట్టెయ్. అందరికీ తెలిసిందే అనుకున్న దాన్ని కొలిచి చూసినందుకే ఈ ఫీల్డ్‌లో పేరున్న పేపర్లన్నీ వచ్చాయి. నేను ఎకనామిక్స్ వైపు మనిషిని, బయట దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నా, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెప్తా, పొలిటికల్ సైన్స్ వాళ్లు వచ్చి తిడితే పడతా.

మొదట చదవాల్సింది రాఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో 2004లో ఎకనోమెట్రికా పత్రికలో రాసిన పేపర్. డుఫ్లో అంటే 2019లో నోబెల్ వచ్చినావిడే. వీళ్లు బెంగాల్‌లో బీర్‌భూమ్ జిల్లా, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా తీసుకున్నారు. వాళ్ల తెలివంతా ఎక్కడుందంటే, ఆడవాళ్లు గెలిచిన ఊరినీ మగవాళ్లు గెలిచిన ఊరినీ ఊరికే పోలిస్తే లాభం లేదు, ఎందుకంటే ఆడమనిషిని గెలిపించే ఊరు ముందే వేరేగా ఉండి ఉండొచ్చు, చదువులు ఎక్కువుండొచ్చు, ఉద్యమాలు జరిగిన ఊరై ఉండొచ్చు. కానీ 73వ రాజ్యాంగ సవరణ వచ్చాక మూడో వంతు పంచాయతీలు మహిళలకి ఇవ్వాలి కదా, బెంగాల్‌లో పంచాయతీల వరస నంబర్ పట్టుకుని మొదటి ఎన్నికకి ఇవి, తర్వాత ఎన్నికకి పక్కవి అని తిప్పుకుంటూ పోయారు. అంటే ఏ ఊరికి మహిళ రావాలో ఊరి గుణం చూసి కాదు, లిస్టులో దాని చోటు చూసి తేలింది. దాంతో రెండు రకాల ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, తేడా వస్తే అది రిజర్వేషన్ వల్ల వచ్చిందనే చెప్పొచ్చు.

వాళ్లు చూసింది ఎవరు పెత్తనం చేస్తున్నారు అని కాదు, ఊళ్లో ఏం కట్టారు అని. ఆడవాళ్లు పంచాయతీకి ఏ ఫిర్యాదులు తెస్తున్నారు, మగవాళ్లు ఏవి తెస్తున్నారు అని లెక్క తీసి, డబ్బు దేనికి ఖర్చయిందో దాని పక్కన పెట్టారు. రెండు చోట్లా ఆడవాళ్లు ఎక్కువగా అడిగింది మంచినీళ్లు, రిజర్వ్ అయిన పంచాయతీల్లో మంచినీళ్ల పనులు ఎక్కువ జరిగాయి. రోడ్ల దగ్గరే అసలు కథ. బెంగాల్‌లో ఆడవాళ్లు రోడ్లు కూడా అడిగారు, అక్కడ రోడ్లు పెరిగాయి. రాజస్థాన్‌లో రోడ్లు అడిగింది ఎక్కువగా మగవాళ్లు, అక్కడ మహిళా సర్పంచ్ ఉన్న చోట రోడ్ల మీద ఖర్చు తగ్గింది. ఒక్కసారి ఆలోచించు, వెనక నడిపించేది మొత్తం భర్తలే అయితే ఈ తేడా ఎందుకు రావాలి? మొగుడే పంచాయతీ నడిపితే మొగుడికి కావాల్సిందే కట్టాలి కదా. మీ బాపుకి ఈ ఒక్కటి చెప్పి చూడు.

అలాగని దక్షిణాదిలోనూ ఇదే తేలిందని అనుకోకు. రాడు బాన్, విజయేంద్ర రావు 2008లో నాలుగు దక్షిణ రాష్ట్రాల మీద రాశారు, అందులో మన ఉమ్మడి ఆంధ్ర కూడా ఉంది. వాళ్లకి మహిళా అధ్యక్షులున్న ఊళ్లకీ మగవాళ్లున్న ఊళ్లకీ పెద్ద తేడా కనపడలేదు, ఉత్త బొమ్మలు అనడానికీ ఆధారం దొరకలేదు, అందరూ ఇది మర్చిపోతారు. పైకులాల పెత్తనం తక్కువున్న ఊళ్లల్లో, ముందే కొంత రాజకీయ అనుభవం ఉన్న ఆడవాళ్లు బాగా చేశారు అన్నారు. నాకైతే నీ పీహెచ్‌డీకి ఇదే మంచి దారి అనిపిస్తోంది, బెంగాల్‌లో వచ్చింది ఇక్కడ ఎందుకు రాలేదు అని.

సూటిగా:

ఇన్ని పేపర్లు ఎందుకండీ. నేను మండలాఫీసుకి పని మీద తిరుగుతూనే ఉంటా, జనరల్ బాడీ మీటింగ్ రోజు వచ్చి చూడండి, కుర్చీల్లో కూర్చునేది ఎవరో. రిజర్వేషన్ మహిళ అని తేలిన రోజే భార్యకి ఓటర్ కార్డు ఎక్కడుందో వెతుకుతారు, పోస్టర్ మీద ఆయన ఫొటో పెద్దది ఆమెది చిన్నది. బెంగాల్‌లో నీళ్ల పంపులు పెరిగాయంటే మంచిదే, మా దగ్గర మాత్రం కాంట్రాక్టర్లు పెరిగారు. కేంద్రం వాళ్లే 2023లో దీని మీద కమిటీ వేశారుగా, భర్తలు నడిపిస్తున్నారని తెలియకుండానే వేశారా? ఊరికే అడుగుతున్నా, కోపం వద్దు.

తనిఖీమనిషి:

సూటిగా గారూ, మీరు చెప్పింది అబద్ధం అనను, మీటింగ్‌లో కుర్చీల సంగతి నేనూ చూసినా. కానీ మీరు చూసింది ఏ సంవత్సరం? గెలిచిన మొదటి ఏడాదా నాలుగో ఏడాదా? ఇది అడక్కుండా తీర్పు చెప్పకూడదు, ఎందుకో చెప్తా.

నేను ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో పనిచేసినవాణ్ణి, అనంతపురం వైపు. పాలమూరు పాప అడిగిన "మన ఊర్ల మీద పని" సరిగ్గా ఇక్కడే ఉంది. ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సన్, ఎం.ఆర్. శరణ్ అని ముగ్గురు, 2017లో అచ్చయింది, మొత్తం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీదే, మా ఆడిట్ రిపోర్టులు పట్టుకునే చేసినారు. 2006 పంచాయతీ ఎన్నికల తర్వాత గెలిచిన సర్పంచుల కాలం. అప్పటికి రిజర్వేషన్ మూడో వంతే, సగం చేసింది తర్వాత, 2013 ఎన్నికలకి.

వాళ్లు రెండు చూసినారు. ఒకటి కూలోళ్ల ఇండ్లకి పోయి సర్వే. దాంట్లో మహిళా రిజర్వ్ ఊర్లలో అవకతవకలు ఎక్కువే కనపడినాయి. మన సూటిగా గారు ఇక్కడిదాకా చదివి పేపర్ మూసేస్తే చూశారా నేను చెప్పలేదా అంటారు. రెండోది ఆడిట్ రిపోర్టులు, అవి ఒక్కసారివి కాదు, అదే ఊరికి ఆడిట్ మళ్లీ మళ్లీ వస్తుంది కదా, ఏడాది వెంట ఏడాది పేర్చుకుని చూసినారు. చూస్తే ఆ అవకతవకలు ఆమె పదవిలో ఉన్న కొద్దీ తగ్గుతా పోయినాయి. మొదట్లో ఆమెకి పని తెలీదు, ఆఫీసుతో పరిచయం లేదు, కిందనున్న సిబ్బంది, పైనున్న అధికారులు ఆ సందు వాడుకున్నారు, తెలిసేకొద్దీ ఆ సందు మూసుకుంది. అంటే వాళ్లు చెప్పేది ఆడది కాబట్టి అవినీతి ఎక్కువనీ కాదు, ఆడది కాబట్టి నిజాయితీ ఎక్కువనీ కాదు, కొత్త మనిషిని మోసం చేయడం సులువు అని, అంతే. మగ సర్పంచులు గెలవకముందే ఆఫీసుల చుట్టూ తిరిగి ఉంటారు, వాళ్లకి ఆ మొదటి ఏడాది కష్టం తక్కువ.

ఇది నమ్మేదానికి పని ఎట్ల నడుస్తుందో తెలియాల. మన దగ్గర ఉపాధి పని ఊర్లో నడిపేది ఫీల్డ్ అసిస్టెంట్, మస్టర్, అంటే కూలోళ్ల హాజరు పట్టీ, ఆయన చేతిలో, కొలతలు టెక్నికల్ అసిస్టెంట్ చేతిలో, బిల్లు మండలంలో ఏపీఓ అనే అధికారి దగ్గర, కూలి డబ్బులు ఆ కాలంలో చాలా ఊర్లకి పోస్టాఫీసులో. ఇన్ని చేతుల మధ్య సర్పంచ్ ఎక్కడుంది చెప్పండి? మస్టర్ అంటే ఏమి, దాంట్లో ఊర్లో లేనోళ్ల పేర్లు ఎట్ల ఎక్కుతాయి అనేది తెలుసుకునేదానికే ఎవరికైనా కాలం పడుతుంది. మా ఆడిట్ వచ్చినప్పుడు ఇంటింటికీ పోయి మీకు ఎన్ని రోజులు పని, ఎంత డబ్బు వచ్చింది అని అడిగి మస్టర్‌తో పోలుస్తాము, గుంతల కొలతలు తీస్తాము, ఊర్లో గ్రామసభ, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక, అంటే అందరి ముందూ విచారణ. ఒకసారి ప్రజావేదికలో కూర్చుని మొత్తం విన్న సర్పంచ్‌కి, ఆడైనా మగైనా, ఏ కాగితంలో ఏం దాగుంటుందో తెలిసిపోతుంది. రెండో ఆడిట్‌కి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి.

నా బాధ ఏందంటే, ఆమె నేర్చుకునే లోపల ఐదేళ్లు అయిపోతాయి, రోస్టర్, అంటే రిజర్వేషన్ వంతుల లిస్టు, తిరుగుతుంది, ఊరు జనరల్ అయిపోతుంది, ఇంక ఆమెని ఎవరూ నిలబెట్టరు. పక్క ఊరికి మహిళ వస్తుంది, అక్కడ ఇంకొకామె మళ్లీ ఓనమాల నుంచి.

ఊరికోడలు:

తనిఖీ అన్నా, ఆఖరి మాట మా అత్తమ్మ కథే. 2013లో మా ఊరికి మహిళ వచ్చింది, మా మామగారు నిలబెట్టారు, అందులో దాపరికం ఏం లేదు. మొదట్లో అన్నీ ఆయనే. మండలానికి ఆయన బండి మీద తీసుకెళ్లాలి, మా ఊరికి బస్సు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, మీటింగ్ పదకొండుకి. బండి మీద తీసుకొచ్చిన మనిషి మీటింగ్‌లోకి కూడా వస్తాడు కదండీ, బయట ఎండలో నిలబడతాడా. ఈ భర్తల పెత్తనం మీద రాసేవాళ్లు బస్సు టైములు కూడా రాస్తే బాగుండు.

అయితే బోరు మోటారు కాలిపోయినప్పుడు బిందెలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చేది మా వాకిట్లోకే, మామగారు అప్పటికి పొలంలోనో పంచాయతీ అరుగు మీదో ఉండేవారు. అడిగించుకునేది అత్తమ్మే. విని విని ఊళ్ల నీళ్లు చూసే ఆర్‌డబ్ల్యూఎస్ ఇంజనీరు, ఏఈ గారి నంబరు ఆవిడే ఫోన్లో వేయించుకుంది, నాతోనే, పేరు చదవడం రాదు కాబట్టి దానికి ఒక బొమ్మ పెట్టించుకుంది. చివరి ఏడాదికి ఏఈ గారు ఎత్తకపోతే పైన డీఈకి చేస్తానని బెదిరించేది. చెక్కుల సంగతి మాత్రం ఆఖరిదాకా మామగారిదే, అది నేను దాచను. కాబట్టి ఆమె సర్పంచా ఆయన సర్పంచా అని నన్నడిగితే నీళ్లకి ఆమె, బిల్లులకి ఆయన అంటాను. తర్వాత ఊరు జనరల్ అయింది. ఈసారి కూడా నువ్వే నిలబడు అని పార్టీ వాళ్లెవరూ అనలేదు, ఆవిడ మాత్రం అడుగుతారేమో అని చూసింది.

పాలమూరు చెల్లీ, నువ్వు ఇంటికి పోయి సోఫాలో కూర్చుని అడిగితే జవాబు మామగారే చెప్తారు, అది మర్యాద అనుకుంటారు కూడా. డ్వాక్రా మీటింగ్ రోజు పో, సంఘం పుస్తకాలు రాసే చోట మగవాళ్లు ఉండరు. లేదా మధ్యాహ్నం పూట పో, భోజనాలయ్యాక. ఇంకోటి, సర్పంచ్‌ని అడగకముందు చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లని అడుగు, నీళ్లు రాకపోతే ఎవరి పేరు పెట్టి పిలుస్తారు అని.

రాజనీతిపాఠం:

చాలా మంచి చర్చ. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తాను కాబట్టి కొంచెం ఉపన్యాసంలా ఉంటే సర్దుకోండి.

ఎకనామిక్స్ మిత్రుడు చెప్పినవి చదవమ్మా, కానీ వాటితోనే ఆగొద్దు. ఆ లైన్‌లోనే ఇంకో రెండు ఉన్నాయి, నీకు పనికొస్తాయి. లోరీ బీమన్ బృందం మళ్లీ బీర్‌భూమ్‌కే వెళ్లి ఒక ఉపన్యాసాన్ని రికార్డు చేసి కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో వినిపించి మార్కులు వేయమన్నారు. మాటలు అవే, గొంతే వేరు. మహిళా ప్రధాన్‌ని, అంటే అక్కడి సర్పంచ్‌ని, ఎప్పుడూ చూడని ఊళ్లల్లో మగవాళ్లు ఆడ గొంతుకి తక్కువ వేశారు. చూసిన ఊళ్లల్లో ఆ తేడా పోయింది. మరి నాయకుడిగా ఎవరు కావాలి అని అడిగితే మాత్రం మగవాడే అన్నారు, అది కదల్లేదు. అంటే ఆమెకి చేతనవుతుంది అని ఒప్పుకోవడం వేరు, ఆమె నాకు కావాలి అనడం వేరు. అయినా రెండు సార్లు వరసగా రిజర్వ్ అయిన చోట్ల ఆ తర్వాత ఆడవాళ్లు ఎక్కువమంది పోటీ చేశారు, గెలిచారు కూడా. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన దాంట్లో ఆ ఊళ్ల పిల్లల సంగతి చూశారు, రెండు దఫాలు మహిళ ఉన్న చోట ఆడపిల్లల కోసం తల్లిదండ్రులు కోరుకునేదానికీ మగపిల్లల కోసం కోరుకునేదానికీ మధ్య తేడా 20 శాతం తగ్గింది, పిల్లల సొంత కోరికల్లో 32 శాతం. రెండు దఫాలు అనేది గమనించు, తనిఖీ గారి బాధ అదేగా. రిఖిల్ భావ్నానీ ముంబై కార్పొరేషన్ మీద రాసింది కూడా దీని పక్కనే పెట్టుకో, రిజర్వేషన్ తీసేశాక కూడా అంతకుముందు మహిళా వార్డుగా ఉన్న చోట ఆడమనిషి గెలిచే అవకాశం మిగతా వార్డుల కంటే దాదాపు ఐదు రెట్లు ఉందని తేలింది. ముంబైలో అయింది మన ఊళ్లల్లో ఎందుకు కావట్లేదు? కార్పొరేటర్‌కి పార్టీ టికెట్ ఉంటుంది, సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు, అక్కడేమైనా ఉందా అని నాకో అనుమానం, అనుమానమే.

ఇక సూటిగా గారికి. భర్తలు నడిపిస్తున్నారు, సరే. ఎస్సీ రిజర్వ్ అయిన ఊళ్లో మగ సర్పంచ్‌ని ఎవరు నడిపిస్తున్నారో మనం ఎందుకు అడగం? భూమున్న ఆసామి తన దగ్గర పనిచేసే మనిషిని నిలబెట్టి గెలిపించి తనే ఏలిన ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, దానికి ఎవరూ పేరు పెట్టి ఎగతాళి చెయ్యరు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్‌కి కూడా జాయింట్ చెక్ పవర్ ఇచ్చారు. ఉప సర్పంచ్‌కి రిజర్వేషన్ లేదు, వార్డు మెంబర్లు ఎన్నుకుంటారు. ఒక దళిత మహిళ సర్పంచ్ అయిన ఊళ్లో ఉప సర్పంచ్ ఎవరయ్యారు, ఏ కులం, చెక్కు మీద ఆ సంతకం కోసం ఎన్ని రోజులు ఆగాల్సి వచ్చింది, ఇది ఎవరైనా కూర్చుని చేస్తే అద్భుతమైన పని. అక్కడ ఆమెని ఆపేది మొగుడు కాకపోవచ్చు.

పోటీకే రాకుండా ఆపినవి కూడా ఉన్నాయి. ఇద్దరు పిల్లల నిబంధన, 1994 పంచాయతీరాజ్ చట్టంలోది. మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హత. మగవాడికీ వర్తించేది కాగితం మీద, కానీ మూడో కాన్పు వద్దనే మాట ఎంతమంది ఆడవాళ్ల చేతిలో ఉంది? నిర్మలా బుచ్ గారు ఐదు రాష్ట్రాల్లో దీని మీద చేశారు, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన తీసేసింది. తీసేశాక పోటీ చేసే ఆడవాళ్ల వయసు, పిల్లల సంఖ్య మారాయా లేదా అన్నది ఎవరో ఒకరు చూడాలి.

ఒక పాత సంగతి కూడా చెప్పి ఊరుకుంటా. 1971లో కేంద్రం వేసిన మహిళల స్థితిగతుల కమిటీ 1974లో రిపోర్టు ఇచ్చింది, అందులో ఎక్కువమంది చట్టసభల్లో రిజర్వేషన్ వద్దన్నారు. వీణా మజుందార్, లోతికా సర్కార్ ఒప్పుకోకుండా విడిగా రాశారు. ఆడవాళ్లకి రిజర్వేషన్ కావాలా అన్న చర్చలో ఆడవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఇప్పుడు 2023లో చట్టం అయ్యి కూడా జనాభా లెక్కలు, డీలిమిటేషన్ అంటూ అసెంబ్లీకి పార్లమెంటుకి ఆగి ఉంది, 2024లో లోక్‌సభకి గెలిచింది 543లో 74 మంది. ఊళ్లో సగం, ఢిల్లీలో ఏడో వంతు కూడా లేదు. మన ఎమ్మెల్యేల భార్యలు పోటీ చేస్తే మాత్రం "రాజకీయ వారసత్వం" అంటాం, సర్పంచ్ భార్య అయితే డమ్మీ అంటాం.

సూటిగా:

ఎస్సీ సర్పంచ్ మాట ఒప్పుకుంటా సార్, మా పక్క ఊరే అట్లా ఉంది. అయినా నా మాట వెనక్కి తీసుకోను, మోసం మోసమే, ఇద్దరి విషయంలోనూ.

పాలమూరుపిల్ల:

అబ్బ, నాకు సినాప్సిస్ సగం ఇక్కడనే అయిపోయింది. అందరికి చాలా థ్యాంక్స్. ఊరికోడలు అక్కా, నీళ్లకి ఆమె బిల్లులకి ఆయన అన్నరు చూడు, నేను ఇన్ని రోజులు ఆమెనా ఆయననా అనే అడుగుతున్న, పని పని విడగొట్టి అడగాలె అని తట్టలే. మా దగ్గర 2025 డిసెంబర్‌ల ఎన్నికలైనయ్, అంతకుముందు దాదాపు రెండేండ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలననే, కాబట్టి ఇప్పుడున్నోళ్లల్ల చానమంది కొత్తోళ్లు. తనిఖీ అన్న చెప్పినట్టు ఇప్పుడు మొదటి ఏడాది ఒకసారి, మళ్ల మూడో ఏడాది ఒకసారి అదే మనుషులను కలిస్తే నేర్చుకునుడు కనపడ్తది కదా? పీహెచ్‌డీ టైం కూడ సరిపోతది. మహిళల సీట్లు డ్రా తీసిన్రు అంటరు, అంటే గోదారిగట్టు అన్న చెప్పిన బెంగాల్ లెక్కనే మా జిల్లాల గూడ చెయ్యొచ్చా, రాండమ్ అని రాసెయ్యొచ్చా?

గోదారిగట్టు:

రాసెయ్యకు, ముందు రోస్టర్ తెప్పించుకో. డ్రా తీసింది అన్ని ఊళ్లకా, లేక ఎస్సీ ఊళ్లు జనాభా శాతం పట్టి ముందే తేల్చి, మిగతా వాటిలోనే తీశారా, కిందటిసారి మహిళ వచ్చిన ఊళ్లని పక్కన పెట్టారా, మండలం యూనిట్టా ఇంకోటా, ఇవన్నీ తెలియకుండా రాండమ్ అంటే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు. డ్రా అయితే కేటగిరీ లోపల పోల్చుకో, ఎస్సీ మహిళ ఊరిని ఎస్సీ జనరల్ ఊరితో, బీసీ మహిళని బీసీ జనరల్‌తో. ఎస్సీ మహిళని ఓసీ మగాడితో పోల్చి ఆడవాళ్లు ఇలా అని రాసే పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి, చిరాకు.

రెండుసార్లు కలవడం బావుంది. దాంతోపాటు సోలెడాడ్ ప్రిల్లమన్ పని చదువు, మధ్యప్రదేశ్ మీద. అక్కడ ఆడవాళ్లు ఓటు వేస్తారు కానీ మిగతా రాజకీయంలో ఎందుకు కనపడరు అని చూసింది. ఇల్లే ఒక రాజకీయ యూనిట్‌గా నడుస్తుంది, మాట్లాడేది మగవాడు, ఇంటి బయట ఆడవాళ్లకి సొంత గుంపు ఉంటే, అంటే మన డ్వాక్రా లాంటి సంఘం, అప్పుడు గ్రామసభకి వస్తారు, అడుగుతారు అని. మన దగ్గర ఈ సంఘాలు మధ్యప్రదేశ్ కంటే ఎన్నో ఏళ్లు ముందు నుంచీ ఉన్నాయి కదా. గెలిచిన వాళ్లలో సంఘం లీడర్‌గానో వీఓ, అంటే ఊళ్లో సంఘాలన్నిటి సమాఖ్య, దానికి అధ్యక్షురాలిగానో చేసినవాళ్లు ఎంతమంది, ఇంట్లోంచి నేరుగా వచ్చినవాళ్లు ఎంతమంది అని మొదటి రోజే రాసుకో. మూడో ఏడాది వెళ్లినప్పుడు తేడా ఉంటే అక్కడే ఉంటుందని నా పందెం.

రాజనీతిపాఠం:

వీఓ మాట బాగా చెప్పారు. సారా ఉద్యమం గుర్తు చేస్తాను, నెల్లూరు జిల్లా దూబగుంట, 1992. పంచాయతీల్లో మూడో వంతు రిజర్వేషన్ రాకముందే రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, ఆ ఊపు 1995 మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ తరం ఊళ్లల్లో ఆ తర్వాత ఎవరు పోటీ చేశారో ఎవరైనా చూస్తే బాగుండు. పాలమూరుకి సంబంధం లేదనుకో, నీకు కాదులే, వేరే ఎవరైనా చదువుతుంటే వాళ్లకి.

పాలమూరుపిల్ల:

సార్, ఆ టాపిక్ మా ఫ్రెండ్‌కి చెప్త, ఆమెది కావలి. తనిఖీ అన్నా, ఆఖరిది ఒక్కటి, ఆడిట్ రిపోర్టులు నా లెక్కటోళ్లకు ఇస్తరా? ఆఫీసుకు పోతే ఎవరు మీరు, ఎందుకు అంటరేమో.

తనిఖీమనిషి:

రిపోర్టులు చాలావరకు నెట్‌లోనే పెడతారు పాపా, సోషల్ ఆడిట్ వెబ్‌సైట్‌లో మండలం వారీగా, తెరుచుకోని పేజీలు ఉంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. రోస్టర్ కోసం జిల్లా పంచాయతీ అధికారి (డీపీఓ) ఆఫీసు, గెజిట్ కాపీ అడుగు. యూనివర్సిటీ లెటర్ హెడ్ మీద ఉత్తరం తీసుకుపో, అది లేకపోతే టీ కూడా ఇవ్వరు. ఇంకోటి చూడు, ఇప్పుడు ఆర్థిక సంఘం డబ్బులకి చెక్కులు లేవు, సర్పంచ్ డిజిటల్ కీ ఉంటుంది, పెన్‌డ్రైవ్ మాదిరి. ఆ కీ ఆమె బీరువాలో ఉందా, ఆయన జేబులో ఉందా, సెక్రటరీ టేబుల్ సొరుగులో ఉందా, కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరే ఉండిపోయిందా అని అడుగు. నాకు తెలిసి సెక్రటరీ సొరుగులో ఉండేవి తక్కువేం కాదు, మగ సర్పంచులవి కూడా. ఊరికోడలు చెప్పినట్టు భోజనాలయ్యాక పో, కానీ ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఆమెని, ఆయనని, సెక్రటరీని, ముగ్గురినీ విడివిడిగా అడుగు.